మబ్బు వేలానికి వెళ్లిన రోజు

ఇంటాయనకు, మీ పంతులమ్మ నమస్కారాలు.

మీరు పోయి రెండు వానాకాలాలు దాటాయి. వాన మాత్రం ఒక్కసారే వచ్చి, దారి తప్పి వచ్చిన చుట్టంలా గడప దగ్గరే నిలబడి వెళ్లిపోయింది. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. నా మోకాళ్లు మీరున్నప్పుడు ఏమనేవో ఇప్పుడూ అదే అంటున్నాయి.

ఇవాళ ఇది రాయడానికి కారణం మీ దూడ. మీరు మంచాన పడ్డ నెలలో పుట్టి, తల్లి చచ్చిపోతే మీ మంచం కోడుకే కట్టించుకున్నారే... ఆ బూడిద రంగు దూడ. మన మనవరాలు రత్న దానికి మబ్బు అని పేరు పెట్టింది. మన ఊళ్లో మబ్బూ అని పిలిస్తే పలికేది అదొక్కటే.

ఆ మబ్బును మొన్న వేలంలో అమ్మేశాం.

ఉలిక్కిపడకండి, చివరిదాకా వినండి. బతికున్నప్పుడు నా మాట ఏదీ చివరిదాకా వినలేదు. ఇప్పుడు కండువా దులుపుకుని లేచిపోయే వీలు లేదు కదా.

మీరు పోయాక మన పక్క కొత్తగా బ్లాకు ఆఫీసు పెట్టారు. గ్రామసేవకుడని ఒక అబ్బాయి సైకిలు మీద వస్తాడు. ఎరువు గుంత ఎలా తవ్వాలో మన ఓబుళేసుకు చెబుతాడు. మీరు ఇరవై ఏళ్లు చెప్పిందే. కానీ ప్యాంటు వేసుకున్నవాడు పేడ గురించి మాట్లాడితే మీ కొడుకు ఎంత శ్రద్ధగా వింటాడనుకున్నారు!

ఆ అబ్బాయే పోయిన ఏడాది పిల్లల పశు ప్రదర్శన అని ఒకటి తెచ్చాడు. బడికి పోయే పిల్లలు ఒక పశువును సొంతంగా ఏడాది సాకాలట. మేత వేయడం, కడగడం, గోమార్లు ఏరడం అన్నీ వాళ్లే. తర్వాత పత్తికొండ దగ్గర సంత మైదానంలో నిలబెట్టాలి. పశువుల డాక్టరు పండ్లు చూసి, తోలు నిమిరి, పిల్లలను ప్రశ్నలడిగి బహుమతి ఇస్తాడు. ఆ వెంటనే వేలం. ఎక్కువ పాట పాడినవాడికి పిల్లే తన చేత్తో పశువును అప్పగించాలి. ఇంటివాళ్లు పాట పాడకూడదు. వాళ్లు మనసు కూడా మార్చుకోకూడదు.

సేద్యంలో లాభం ఉందని పిల్లలకు దీనివల్ల తెలుస్తుందట. మనకు ఇన్నేళ్లలో తెలియలేదు, పోనీ వాళ్లకైనా తెలియనీ అనుకున్నాను. అదీగాక మేత ఎక్కడిది? కోడె వయసుకొచ్చింది, ఎటూ అమ్మాల్సిందే. రత్న ఒప్పుకుంది. పెద్దవాళ్ల సంతకం నేనే చేశాను.

సంత రోజు పొద్దున మబ్బును చూడాల్సింది మీరు. రత్న కొమ్ములకు నూనె రాసి, నుదుట పసుపు పెట్టింది. మూపురం మీద ఎండ పడితే వెండి చెంబులా ఉంది. నేను ఆ పిల్లకు ముందే గట్టిగా చెప్పాను, సాకింది అమ్మడానికి, ఏడవడానికి కాదని. సరే అవ్వా అంది. నా వైపు చూడకుండా అంది.

పొద్దుట్నించీ ఒక మొగుడూ పెళ్లాం మబ్బు చుట్టూ తిరుగుతున్నారు. మద్దిలేటి, ఎల్లమ్మ. నాలుగెకరాల మెట్ట, జత ఎద్దుల్లో ఒకటి వేసవిలో పోయిందట. ఎల్లమ్మ మబ్బు గంగడోలు నిమురుతూ, "మా ఇంట్లో ఉండేదానికి తోడు ల్యాక మేత గూడా సరింగ తినడం ల్యా" అంటోంది. ఇలాంటి ఇంటికి పోతే బాగుండు అనుకున్నాను. అనుకున్నంతసేపు కూడా పట్టలేదు, చెన్నప్ప దిగాడు.

చెన్నప్ప గురించి మీకు నేను చెప్పాలా? బండలాగుడు పందేలకు కోడెలను కొని, ముల్లుకర్రతో పొడిచి పొడిచి లాగించే చెన్నప్ప. మీరు మన ఎద్దు ఎర్రోడిని అమ్మింది ఆయనకే.

"కొనేటప్పుడు పండ్లు జూడల్ల పంతులమ్మా, అమ్మేటప్పుడు మొగం జూడగూడదు" అనేవారు మీరు. ఎంత గొప్పగా అనేవారు! మరి ఆ ఏడు తిరునాళ్లలో ఎర్రోడు బండ కింద మోకాళ్ల మీద పడితే, తుంటి నుంచి రక్తం కారుతుంటే, ఎందుకు చూశారు దాని మొగం? ఇంటికొచ్చి సంగటి ముద్ద ముందు పెట్టుకుని చల్లారేదాకా కూర్చున్నారు. నేనేమీ అడగలేదు. నేను ఏమీ అనని రోజులు మన కాపురంలో ఎన్నున్నాయి... అదొకటి.

చెన్నప్ప తరఫున బేరాలు చేసే దలాలి తన భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకున్నాడు. ఒక్కొక్కరినీ పిలిచి, తువ్వాలు కింద చెయ్యి పట్టుకుని వేళ్లతో బేరం. వేళ్లు నాకు కనబడవు. చెయ్యి బయటికి తీసుకున్నవాళ్ల మొగాలు కనబడతాయి కదా. అంతవరకూ మబ్బును మెచ్చుకున్నవాళ్లు ఒక్కొక్కరే పక్కనున్న గొర్రెల కేసి నడిచారు. ఈ కోడె మీద ఎవరూ పాడకూడదని తువ్వాలు కిందే తేలిపోయింది.

నేను పోయి వేలం నడిపే బ్లాకు ఆఫీసరును అడిగాను. ఎక్కువ పాడినవాళ్లదే కోడె అమ్మా, రూలు అన్నాడు. ఒక్కడే పాడితే అది పాట కాదు నాయనా, దండోరా అన్నాను. నవ్వాడు. నవ్వు తప్ప ఏమీ చెయ్యలేదు.

మబ్బుకే మొదటి బహుమతి వచ్చింది. కొమ్ముకు ఎర్ర రిబ్బను కట్టారు. నాకు బలిపోతుకు కట్టినట్టు అనిపించింది.

వేలం మొదలైంది. దలాలి ఒకే ఒక పాట పాడాడు. ఎదురుపాట ఉంటే ఇంకా పెరిగేది, అయినా మంచి ధరే. ఓబుళేసు మొగం వెలిగిపోయింది. ఇంకెవరైనా... అని ఆఫీసరు చుట్టూ చూశాడు. అంతమంది జనంలో ఒక్క గొంతూ లేదు. మద్దిలేటి తల దించుకున్నాడు, ఆ ధర ఆయనకు అందేది కాదు.

ఒకటోసారి.

చెన్నప్ప ముల్లుకర్ర చంకన పెట్టుకుని లోపలికి వచ్చాడు. "ఏం పాపా, ఒక సుట్టు తిప్పు, నడక జూస్తాం" అన్నాడు. రత్న కదల్లేదు. పలుపు చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. తల తిప్పి జనంలో నా కోసం వెతికింది. సంతకం చేసిన చెయ్యి నాది. ఏం చెప్పను ఆ పిల్లకు?

రెండోసారి.

అప్పుడు రత్న చెయ్యి మెల్లగా మబ్బు గంగడోలు కిందికి పోయింది.

మీకు అర్థమైపోయింది కదూ? నాకూ అయింది. లాడాలు కొట్టడానికి ఎద్దును తాళ్లేసి పడగొడితే మీకు ఒళ్లు మండేది. "తాడేసి పడేస్తే ఎద్దు మల్లా నిన్ను నమ్మదు, అడిగితే అదే పండుకుంటాది" అనేవారు. మంచంలో నుంచే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నేర్పారు... గంగడోలు కింద రెండుసార్లు గీరి, నాలుకతో చిన్న చప్పుడు.

కావాలంటే నేను అరిచి ఆపేదాన్నే. తల ఎత్తి, వాన వస్తుందేమోనని ఆకాశం చూశాను.

మబ్బు ముందు మోకాళ్లు మడిచింది. తర్వాత వెనకవి. మైదానం నడిమధ్య, మొదటి బహుమతి రిబ్బనుతో, హాయిగా పండుకుని నెమరు వెయ్యడం మొదలుపెట్టింది.

చెన్నప్ప ముల్లుకర్రతో పక్కటెముకల మీద పొడిచాడు. రత్న చెయ్యి అక్కడే ఉంది. మబ్బు తోక ఒకసారి విసిరింది, లేవలేదు. ఇంకోసారి పొడుస్తాడని నేను కళ్లు మూసుకున్నాను. ఇంతలో జనంలోంచి ఎవడో, "ఏమప్పా చెన్నప్పా, పండుకునే ఎద్దుతో బండ లాగిస్తావా, బండ మీద కూసోబెట్టి నువ్వే లాగుతావా?" అన్నాడు. మైదానమంతా ఘొల్లున నవ్వింది. చెన్నప్పకు కోడె పోయినా పరవాలేదు, జనం నవ్వితే పడదు. మూడోసారి అనకముందే దలాలి పాట వెనక్కి తీసుకున్నాడు.

పనిలో పండుకునే ఎద్దును ఎవడు కొంటాడు? గొంతు సవరించుకుని మద్దిలేటి ఒక్కడే పాడాడు. దలాలి చెప్పినదాంట్లో సగం కూడా లేదు. ఆఫీసరు మూడుసార్లూ ఒకే ఊపిరిలో అనేశాడు.

ఎల్లమ్మ వచ్చి రత్న పక్కన గొంతుక్కూర్చుని, చెవిలో అన్నట్టుగా అంది: "పండబెట్టేది బాగనే నేర్పినావు పాపా. లేపేది గూడా చెప్పిపో. ఏరువాకకు మా ఆయప్ప గూడా దానెమ్మడే పండుకుంటే ఎట్ల?" రత్న నవ్వింది, ఆ తర్వాతే ఏడ్చింది. పండబెట్టేదీ లేపేదీ రెండూ చెప్పింది.

పలుపుతో సహా అప్పగించాలని గ్రామసేవకుడు అన్నాడు. మనం పశువును ఇస్తాం గానీ పలుపు ఇవ్వం కదా. ఎల్లమ్మ తన పలుపు తెచ్చుకునే ఉంది. మబ్బు కొంతదూరం పోయి ఒకసారి వెనక్కి తిరిగింది. రత్న మొగం తిప్పుకోలేదు. చూస్తూనే నిలబడింది.

బండిలో ఇంటిదాకా ఓబుళేసు పాటే. "అవ్వా మనవరాలూ గల్సి నా సిగ్గు దీసినారు! మొదటి బహుమతి కోడె పండుకుంటాదా యాడన్నా?" ఎండకు సొమ్మసిల్లిందిలేరా అన్నాను. పంతులమ్మ అబద్ధమాడదని ఊరంతా చెప్పేవారు మీరు... ఇకమీదట ఎవరికీ చెప్పకండి.

కావాలనే చేశావా అని రత్నను నేను అడగలేదు. మీరైతే అడిగేవారా?

పలుపు తెచ్చి మీ మంచం కోడుకే కట్టింది ఆ పిల్ల. విప్పమని ఓబుళేసు రెండుసార్లు అన్నాడు, నా మొగం చూసి మానుకున్నాడు.

ఏరువాకకు మద్దిలేటి వాళ్ల ఊరు పోతాం, నేనూ రత్నా. మబ్బు మొదటిసారి కాడి మోసేటప్పుడు గట్టు మీద నిలబడి దాని మొగం చూసి వస్తాం. నా మోకాళ్లు ఏమన్నా సరే. మీ తరఫున కూడా చూస్తాను.

మీ పంతులమ్మ