కొండెక్కే బండికి సారథి

సుంగై సిపుట్

అక్కా, నమస్కారం. అమ్మ బాగుంది, నడుమే కూర్చోనివ్వదు. చిన్ననాడు ఆకు కోసిన కామెరాన్ కొండ తేయాకు తోటను మళ్లీ చూడాలంటోంది. దారిలో ఆగి పడుకోవడానికి, కారు వెనక కట్టుకునే పడకల బండి కారవాన్ అద్దెకు మాట్లాడాను. దాన్ని కట్టి చూస్తే, నేను మోజుపడ్డ చిన్నకారు వానకు గుట్టెక్కలేక వెనక్కి జారింది.

“ఒరే కూర్మా, నీ శ్లోకాలకి కొండెక్కదురా, ఇంజను కావాల లా!” అని అమ్మ ఇక్కడివాళ్లలా చివర ‘లా’ తగిలించి నవ్వింది.

నాలుగు చక్రాలూ లాగే డీజిల్ పికప్ కుదిరింది. ఆ చలివానలో తోలే ధైర్యం నాకు లేదు. అర్జునుడు సైన్యాన్ని వదిలి సారథిని కోరాడని ఊరూరా ప్రవచనాల్లో గర్జించే నేనే, లారీ తోలే పనిలో ఉండి భజనకు రాని బావను అందరిముందూ రాక్షసుడన్నాను. తప్పు నాదే. కృష్ణుడూ అర్జునుడికి బావేనని చెప్పి, శనివారం ఆయన్ని తీసుకురా. అమ్మ కంబళి నీ దగ్గరుందా? పిల్లలకు రామరక్ష.

తమ్ముడు కూర్మారావు