గడువు దాటిన పచ్చ పొట్లం

నవంబరు 18
ల్యాబ్‌లో అందరికీ మేనేజర్ లియావ్ గారు బబుల్ టీ ఇప్పించారు. మా కొత్త ప్రాసెసర్ మూడో వంతు కరెంటు తక్కువ తాగుతుంది, వేగం మాత్రం కాస్త కూడా తగ్గలేదు. బుర్రంటే మా షూఫెన్‌దే అని ఆయన అందరి ముందూ అన్నారు. నా బుర్ర సంగతి నాకు తెలుసు. వోల్టేజ్ తగ్గిస్తే కరెంటు ఆదా. మరీ తగ్గిస్తే చిప్ తడబడుతుంది. అందుకే ఎవరైనా అవసరానికి మించి కొంత ఇస్తారు. ఆ కొంత నేను కోసేశాను.

చలి టెస్ట్‌లో ఒక చిప్ ఆగిపోయింది. మళ్ళీ పెడితే నడిచింది. పాస్ అని రాసేశాను.

నవంబరు 21
కస్టమర్‌కి పంపిన శాంపిల్స్ చల్లటి గదిలో ఆగిపోతున్నాయట. మా టెస్ట్ మెషీన్‌లోనూ అదే వరస. అందరూ మెషీన్ నెత్తిన ఉన్న చిరుతిండి పొట్లం వైపు చూశారు. అది నెత్తిన ఉంటే మెషీన్ మొరాయించకుండా బుద్ధిగా పనిచేస్తుందని ఇక్కడ అందరి నమ్మకం. రంగు పచ్చదే, మెషీన్లకి పచ్చదే పెట్టాలి. కానీ గడువు పోయిన నెలే దాటింది. మార్చాల్సింది ఆ మెషీన్ చూసుకునే కుర్రాడు బోరెన్. పాచిది పెడితే అలగదా మరి, నీకు పెడితే తింటావేంట్రా అని లియావ్ గారు నవ్వుతూనే అన్నారు. బోరెన్ మొహం మాడిపోయింది. నేనూ అందరితో పాటు ఆ పొట్లం వైపే చూశాను.

నవంబరు 22
బోరెన్ కొత్త పొట్లం తెచ్చాడు. రెండు చేతులా పెట్టి, వంగి, తప్పైపోయింది, ఈ ఒక్కసారికి మన్నించు అని మెషీన్‌ని వేడుకున్నాడు. వెనకాల నిలబడి నేనూ చేతులు జోడించాను. ఎంత సిగ్గులేనిదాన్ని.

నవంబరు 23
మళ్ళీ ఆగింది.

నవంబరు 26
బోరెన్‌ని తైనాన్ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టుకి పంపేస్తారట. భార్యకి ఏడో నెల. క్యాంటీన్‌లో నూడుల్స్ కెలుకుతూ, అక్కా, డేటే చూసుకోనివాణ్ణి, టెస్ట్ మాత్రం సరిగ్గా పెట్టుంటానా, నువ్వైతే ఇలా చెయ్యవు కదా అన్నాడు. నిజం చెబితే నా పేరు పోతుంది. చెప్పలేదు.

నవంబరు 28
చలి తగిలినప్పుడు మాత్రమే వోల్టేజ్ కొంచెం పెరిగేలా మార్చాను, ఎవరికీ చెప్పకుండా. ఆదా అలాగే ఉంది, వేగమూ ఉంది. ఒక్క చిప్ కూడా ఆగలేదు. మొదటి రోజే చెయ్యాల్సిన పని.

ఇలాగైనా బోరెన్ బయటపడతాడనుకున్నాను. ల్యాబంతా చప్పట్లు కొట్టింది, కొత్త పొట్లానికి. అలక తీరడానికి వారం పట్టింది, అంతా ఆ పాతదాని వల్లేనని తేలిపోయిందిగా అంటూ లియావ్ గారు బదిలీ ఖాయం చేసేశారు. బోరెన్ కూడా తలూపాడు. తప్పు తనదేనని వాడు నిజంగా నమ్ముతున్నాడు.

డిసెంబరు 1
బోరెన్ వెళ్ళిపోయాడు. పోతూ పోతూ నా బల్ల మీద ఒక పచ్చ పొట్లం పెట్టాడు. ఈసారి డేట్ చూసే తెచ్చానక్కా, నిన్ను కాస్తుంది అన్నాడు.

చించి మొత్తం తినేశాను. కొబ్బరి రుచి. ఇక నన్ను కాచేది ఏదీ లేదు. లియావ్ గారి గదిలో లైటు ఇంకా వెలుగుతోంది. వెళ్తున్నాను.