మూడోరోజు పార

పాస్టర్ మ్వకలిండిలే అయ్యగారికి వందనాలు.

బ్రెజిల్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మిషన్ వాళ్లచేత నేను కందకం తవ్వించానని మీకెవరో చాడీలు మోశారట. నన్ను పనిలోంచి తీసేస్తానన్నారట. తవ్వించిన మాట నిజమే. "చుట్టానికి రెండ్రోజులు కోడి, మూడోరోజు పార" అన్నది మన తాతలే కదా! మీరేమో వాళ్లని వారమంతా కుర్చీల్లో కూర్చోబెట్టమని చెప్పి మ్బేయా పట్నం వెళ్లిపోయారు. తవ్వాల్సిన ఆడవాళ్లంతా వాళ్లకి వండిపెట్టడంలో పడ్డారు. వానలు ముంచుకొస్తున్నాయి. ఇక కందకంలో గొట్టాలు పడేదెప్పుడు, ఆసుపత్రికి ఊట నీళ్లు వచ్చేదెప్పుడు? ఒళ్లు మండి, వాళ్ల పెద్దావిడ ఇరసెమా చేతిలో పార పెట్టేశాను.

ఆవిడ వచ్చీరాని స్వాహిలీలో, "ఇప్పటికి పెట్టావా నాయనా! టాంజానియా వచ్చింది కోళ్లు తినడానికా అని సిగ్గేస్తోంది" అంది.

మన తుసాజిగ్వే అవ్వ ఊరుకుంటుందా? "పారమ్మా అది, గరిటె కాదు! వంగు, ఇంకా వంగు!" అంది. అందరికన్నా గట్టిగా నవ్వింది ఇరసెమాయే.

సాయంత్రానికి అరవై అడుగులు తవ్వాం. తర్వాత వాళ్లు మా పక్కనే నేలమీద కూర్చుని, మట్టిచేతులు కడుక్కుని అరటికాయ కూర తిన్నారు. కోడి తిన్నప్పుడు వాళ్ల ముఖాల్లో ఆ వెలుగు లేదు.

తీసేస్తే తీసెయ్యండయ్యగారూ, బతిమాలను. రేపు మాత్రం వద్దు. రేపు గొట్టాలు దించుతున్నాం, కారకుండా అతుకు వెయ్యడం ఇక్కడ నాకొక్కడికే వచ్చు.

ఇట్లు,
మీ కందకం పనివాడు