కొత్తవాళ్ల కార్డు

పాస్టర్ ఎల్స్‌బెత్ గారికి,

నేనొక తప్పు చేశాను. ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పేస్తే మేలని రాస్తున్నాను.

ముప్పై ఒక్క ఏళ్లు ఆరాధన జరిగినంతసేపూ చర్చి కింద వంటగదిలో, మన సంఘం వాళ్ల పాత అలవాటు ప్రకారం గుడ్డు కలిపిన కాఫీ కాచాను. పైన పాడే పాటలన్నీ కిందనుంచే విన్నాను. మోకాళ్లు మొరాయించి ఆ మెట్లు దిగలేక మొన్న ఆదివారం మొదటిసారి పైన, వెనక బెంచీలో కూర్చున్నాను. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లను పలకరించే కొత్తమ్మాయి బ్రిటా పరుగున వచ్చింది.

"మొదటిసారి వచ్చారా మామ్మగారూ? మొహమాటపడకండి, ఇక్కడ అందరూ మనవాళ్లే!" అంటూ చెయ్యి పట్టుకుంది.

"పిచ్చిపిల్లా, నువ్వు వారం వారం మెచ్చుకునే కాఫీ నాదేనే" అందామనుకున్నాను. కానీ మా ఆయన ఆర్విడ్ పోయాక నా చెయ్యి ఎవరూ అంతసేపు పట్టుకోలేదు. కొత్తవాళ్ల కార్డు ఇస్తే, పేరూ చిరునామా రాసిచ్చేశాను.

కొత్తవాళ్ల ఇంటికి గురువారం రొట్టె తీసుకెళ్లి, గంటసేపు కూర్చుని రావడం మన సంఘం పద్ధతి కదా. అది పెట్టించింది నేనే. పాతవాళ్ల ఇంటికి కూడా వెళ్లాలని అప్పుడు నాకే తోచలేదు.

దయచేసి ఆ కార్డు తీసేయకండి. బ్రిటాకు నిజం నేనే చెబుతాను. కాకపోతే గురువారం రొట్టెతో రాగానే చెప్పను, తను వెళ్తానని లేచినప్పుడు చెబుతాను. విని మళ్లీ కూర్చుంటుందేమో.

మీ కింది వంటగది మనిషి