గోవిందమ్మ మిద్దె మీద ధ్రువుడు

రాయపురం, మద్రాసు
1957 ఫిబ్రవరి

దక్షిణపక్క ఇంటి యతిరాజులుకు ఉత్తరపక్క ఇంటి గోవిందమ్మ చెప్పి రాయించిన జాబు.

నా పేరు గోవిందమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో నన్ను కన్నవాళ్ళకే తెలియాల, వాళ్ళు లేరు. ఇంట్లో ఉండేది నేను, మా మరిది రంగసామి, తల్లీతండ్రీ లేని నా మనవరాలు కోకిల, ఒక బర్రె. నాకు చదువు రాదు, నోరు వచ్చు. ఈ జాబు కోకిల గురించి, రాస్తున్నదీ కోకిలే. బయటివాళ్ళ చేత రాయిస్తే పొద్దుగూకేలోగా వీధి వీధంతా చదువుతుంది గదా.

నీ క్షేమం అడగను. సంగతికి వస్తాను.

నీ మిద్దె మీద మూడు కాళ్ళ పీట ఎక్కించి ఒక గొట్టం పెట్టినావు. దీపావళి నాటికి అది ఆకాశం కేసి చూస్తా ఉండేది. పోనీలే, పగలంతా హార్బరు ఆఫీసులో కాగితాలు చూసి వచ్చినవాడు, సాయంత్రం నక్షత్రాలు చూసుకుంటాడు, పేకాట కంటే మేలే అనుకున్నాను. ఈ నెలలో ఆ గొట్టం తల వంచింది. వంచి వంచి తిన్నగా మా మిద్దె కేసి పెట్టింది. మా మిద్దె మీద ఏముంది? వడియాలు, ఊరగాయ జాడీలు, తల ఆరబెట్టుకొనే మనవరాలు. వడియాలు చూసేదానికి అంత గొట్టం ఎందుకు?

నక్షత్రాలు ఉండేది పైన. టెంకాయలు కోసేవాడు బావిలోకి తొంగి చూస్తాడా?

పోయిన శుక్రవారం తిరువొత్తియూరు నుంచి చెంగమ్మ వచ్చింది, కొడుకు జయరామ్‌కు మా పిల్లను అడిగేదానికి. సొజ్జి, బజ్జి చేసి పెట్టినాను. మిద్దె చూపిస్తే నీ గొట్టం చూసింది. "అది ఎవరిదమ్మా?" అన్నది. "పక్కింటి గుమాస్తాది" అన్నాను. "ఎప్పుడూ ఇట్నే వంచి పెట్టుకోనుంటాడా?" అన్నది. నాకు తల తీసేసినట్టయింది. ఆమె గబగబా దిగింది. బజ్జి ముట్టలేదు. "జాబు రాస్తాం" అని పోయింది. ముట్టని బజ్జికి అర్థమేమిటో రాయపురంలో పాలు తాగే బిడ్డనడిగినా చెప్తాది.

ఈ సంబంధం తప్పిపోతే ఆ పాపం నీ గొట్టానిది. దాన్ని సముద్రం కేసి తిప్పు. చేపలకు సిగ్గు లేదు.

ఇట్లు,
గోవిందమ్మ (వేలిముద్ర)

తా.క.: అవ్వ చెప్పింది చెప్పినట్టే రాశాను. మూడు మాటలు మాత్రం ఎట్లా రాయాలో తెలియదని చెప్పి వదిలేశాను. — కోకిల

*

రాయపురం
ఆదివారం

పూజ్యులు గోవిందమ్మ అవ్వగారికి యతిరాజులు నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేమంతా క్షేమం. అచ్చట మీ కోపం గురించి తెలిసి చాలా బాధపడ్డాను.

అవ్వగారూ, నా గొట్టం మీ ఇంటిని చూడటం లేదు. ధ్రువ నక్షత్రాన్ని చూస్తోంది. నేను నక్షత్రాలకు ఫొటోలు తీయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. నక్షత్రాలు తూర్పు నుంచి పడమరకు జరుగుతూ ఉంటాయి గనుక, ఫొటో తీసే అద్దపు ప్లేటు మీద బొమ్మ పడేదాకా గొట్టం కూడా వాటి వెంట తిరగాలి. తిరుగలికి నడుమ కొయ్య ఉన్నట్టే నా గొట్టానికీ ఒక ఇరుసు ఉంది. ఆ ఇరుసు కదలని ధ్రువుడి వైపు చూస్తుంటేనే నక్షత్రాలు చుక్కలుగా పడతాయి. లేకపోతే గీతలవుతాయి.

మొదట నేను ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ చూసి ఇరుసును బాగా పైకెత్తి బిగించాను. అన్నీ గీతలే. తీరా చూస్తే ఆ బొమ్మ వాళ్ళ దేశానిది! వాళ్ళకు ధ్రువుడు ఆకాశంలో సగానికి పైన ఉంటాడు. మన మద్రాసులో కిందికి, మీ పిట్టగోడకు కాస్త ఎత్తున మాత్రమే ఉంటాడు. అందుకని వంచాను. ఇందులో తప్పు మీదీ కాదు, నాదీ కాదు. మద్రాసుది.

ఇంకా నా పని పూర్తిగా కుదరలేదు. ఎర్రదీపం గదిలో ప్లేటు కడిగితే బొమ్మ మసకగా వస్తోంది. అందుకని రెండు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి ఉంచి ప్రింటు వేస్తున్నాను. అట్లా జోడిస్తే ఒక ప్లేటులో లేదనుకున్నది కూడా ఉన్నట్టు తేలుతుంది. ఇది చాలా ఆనందకరమైన విషయం.

చిన్న మనవి. మీ బట్టల కొయ్య సరిగ్గా ధ్రువుడికి అడ్డం వస్తోంది. కొంచెం దించగలరా? సాయంత్రం మీ మిద్దె మీది లాంతరు వెలుగు ప్లేటును పాడుచేస్తోంది. దయచేసి ఆర్పగలరా?

ఇట్లు విధేయుడు,
యతిరాజులు

తా.క.: నమ్మకం కలగకపోతే రంగసామిగారిని పంపండి. గొట్టంలో ఏం కనబడుతుందో స్వయంగా చూసి మీకు చెబుతారు.

*

రాయపురం
గురువారం

యతిరాజులుకు గోవిందమ్మ రాయించేది.

నీ జాబు కోకిల చదివింది. రెండుసార్లు చదివించినాను, నా చెవులు చెడినాయేమో అని. చెడలేదు.

పెండ్లి కావలసిన పిల్ల ఉండే ఇంట్లో సందెవేళ దీపం ఆర్పమంటావా? ఆ మాట రాసేదానికి నీకు చెయ్యెట్లా వచ్చింది?

ధ్రువుడు మా బట్టల కొయ్య మీద ఉన్నాడంటావు. నా పెండ్లిలో అయ్యవారు ధ్రువుణ్ణీ అరుంధతినీ చూపించేదానికి నన్ను వాకిట్లోకి పిలిచినాడు. పందిరి అడ్డం. "అదిగోనమ్మా, దాని వెనకాల ఉన్నాడు, దణ్ణం పెట్టుకో" అన్నాడు. తాటాకుకు దణ్ణం పెట్టుకొని కాపురానికి వచ్చినాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాకు కనబడని ధ్రువుడు నీకు మా తడిచీర మీద కనబడినాడా?

అన్నిటికంటే పెద్ద సంగతి ఆ రెండు ప్లేట్లు. లేనిది ఉన్నట్టు చేస్తానని నువ్వే రాసి ఇచ్చినావు! ఒక ప్లేటులో మా పిల్ల, ఇంకో ప్లేటులో ఏ దారిన పోయే పిల్లోడో. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే ఏమౌతాది? అది చెంగమ్మ చేతిలో పడితే ఏమౌతాది? పైగా ఆనందమంట!

నీ మాట ప్రకారం రంగసామిని పంపించినాను. నువ్వు గొట్టంలో చూపించినావు. వాడు చూసినాడు, కేక పెట్టినాడు, మెట్లు కూడా సరిగ్గా దిగకుండా పరిగెత్తి వచ్చినాడు. "వదినా! జాడీలన్నీ బోర్లా పడినాయి, నూనంతా పోతాంది!" అని. నేను ఈ మోకాళ్ళతో మిద్దె ఎక్కినాను. జాడీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రంగసామికి ఇంకా గుండె దడ. నిలబడిన జాడీలను తలకిందులు చేసే గొట్టం నిలబడిన పరువును ఏం చేస్తాది?

అందుకని ఆదికేశవులును పిలిపించి మా పిట్టగోడ పొడుగునా తడిక కట్టించినాను. తాటికమ్మల తడిక, రెండు నిలువుల ఎత్తు. నువ్వు తీసిన ప్లేట్లన్నీ ఒక్కటి మిగల్చకుండా నాకు పంపు. పంపకపోతే నేనే వస్తాను. నేను వస్తే మెట్లు సరిగ్గానే దిగుతాను.

గోవిందమ్మ (వేలిముద్ర)

తా.క.: తడికలో తూర్పువైపు ఒక కమ్మ ఊడింది. చెయ్యి పట్టేంత సందు. అవ్వకు తెలియదు. ధ్రువుడికి సరిపోతుందేమో చూసుకోండి. — కోకిల

*

రాయపురం
ఆదివారం

పూజ్యులు గోవిందమ్మ అవ్వగారికి యతిరాజులు సాష్టాంగపడి వ్రాయునది.

ప్లేట్లన్నీ పెట్టెలో పెట్టి పంపుతున్నాను. అద్దం గనుక జాగ్రత్త. వీటిలో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటుంది. పగలు నక్షత్రాలు కనబడవు గనుక రంగసామిగారికి గొట్టం ఇంకాస్త దించి మీ జాడీలనే చూపించాను. నా గొట్టంలో అన్నీ తలకిందులుగా కనబడతాయన్న సంగతి వారికి ముందే చెప్పవలసింది. నక్షత్రాలకు తల ఏదో కాలు ఏదో ఎవరూ అడగరు గనుక నాకూ గుర్తు రాలేదు. వారి గుండె దడకు క్షమించమని ప్రార్థన.

ఇకమీదట మీకు నా వల్ల ఇబ్బంది ఉండదు. ధ్రువుడు కనబడకపోతే ఇరుసు కుదరదు, ఇరుసు కుదరకపోతే ఫొటో లేదు. కాబట్టి ఫొటోలు మానేశాను. గొట్టాన్ని మిద్దె దక్షిణపు మూలకు మార్చి, మాకు అవతలి పక్కింటి రాజలక్ష్మిగారి మిద్దె మీదుగా అగస్త్య నక్షత్రాన్ని ఊరికే చూసుకుంటున్నాను. ఆమెను ముందే అడిగాను. ఆమె సంతోషించి, బట్టల కొయ్య తీయించి, మిద్దె మీది దీపం తానే ఆర్పి, మా ఇంటికి కాఫీ పంపారు.

ఇట్లు మీ క్షమాపాత్రుడు,
యతిరాజులు

తా.క. (ఇది కోకిలకు మాత్రం): సందు సంగతి తెలిపినందుకు కృతజ్ఞుణ్ణి తల్లీ. కాని తడిక సందులో కన్ను పెట్టి చూస్తే, అవ్వగారు నా గురించి రాయించినదంతా ఆ క్షణం నుంచి నిజమవుతుంది.

*

రాయపురం
బుధవారం

యతిరాజులుకు, పైన చెప్పిన గోవిందమ్మే, అదే ఇంట్లో ఉండి, అదే బుద్ధితో చెప్పి రాయించే జాబు.

ఏమయ్యా, నేను గొట్టం తిప్పమన్నది సముద్రం కేసి. రాజలక్ష్మి ఇంటి కేసి తిప్పమని నీకు ఎవరు చెప్పినారు?

నీ ప్లేట్లు వచ్చినాయి. రంగసామి ఒక్కొక్కటీ ఎండకు పట్టి చూపించినాడు. అద్దం మీద మెంతులు చల్లినట్టు నల్ల చుక్కలు. మా పిల్ల లేదు, సరే. వడియాలు లేవు, సరే. ఇన్నాళ్ళు మా కేసి గొట్టం పెట్టినావే, ఒక్క ప్లేటులో మా గోడ మూలన్నా లేదే! మా ఇల్లు నీ కంటికి అంత ఆనలేదా?

కుళాయి దగ్గర రాజలక్ష్మి మాటలు వినలేకపోతున్నాను. "మా మిద్దె మీద అగస్త్యుడు ఉన్నాడమ్మా, హార్బరు ఆఫీసు ఆయన దినమూ దర్శనం చేసుకుంటాడు. కొందరి మిద్దె మీద తడికలుంటాయి" అంటాది. బిందె నిండకుండానే వచ్చేసినాను.

అది ఓర్చుకుంటాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి. నిన్న చెంగమ్మ జాబు వచ్చింది. కోకిల చదివింది. చదువుతా చదువుతా నవ్వింది. నన్ను చూసి దగ్గింది.

చెంగమ్మ ఆ రోజు బజ్జి ముట్టనిది ఆమెకు శుక్రవారం ఒక్కపొద్దు కాబట్టి. నోరు తెరిచి చెప్పకూడదా? ఆమె కొడుకు జయరామ్ ఫ్యాక్టరీలో ఫోర్‌మను. వాడికీ నీకున్న పిచ్చే. వాడి మిద్దె మీదా ఒక గొట్టం ఉంది, వాడూ నీ మాదిరే ఇంగ్లీషు బొమ్మ చూసి పైకెత్తి పెట్టినాడు, వాడికీ అన్నీ గీతలే. ఆమె నీ మిద్దె మీద వంగిన గొట్టం చూసి, "రాయపురంలో ఒకాయన వంచి పెట్టుకోనుండాడురా" అని కొడుక్కు చెప్పేదానికి పరిగెత్తింది. వాడు ఆ సాయంత్రమే వంచినాడు. గీతలు చుక్కలైనాయంట. ఇప్పుడు వాడు నిన్ను చూడాలంట, నీ గొట్టం చూడాలంట, మా పిల్లను చూడాలంట. వరస ఇదే. నేను మార్చలేదు.

ఆ జాబులో అడుగున చెంగమ్మ ఒక మాట రాసింది: "గొట్టం ఇప్పుడు రాజలక్ష్మి అనే ఆమె ఇంటి వైపు తిప్పినారని తెలిసింది. ఆమెకు ఆడపిల్లలు ఉన్నారా?"

ఉంది. ఒకతె ఉంది. నీకు తెలుసు, నాకు తెలుసు, చెంగమ్మకు ఆదివారం దాకా తెలియకూడదు. వాళ్ళు వచ్చేది ఆదివారం సాయంత్రం.

కాబట్టి విను. ఆదికేశవులు తడిక విప్పేసినాడు. బట్టల కొయ్య తీయించినాను. లాంతరు సందెకు వెలిగించి, దణ్ణం పెట్టుకొని, కిందికి తెస్తాను. పెట్టిన దీపం నేను ఆర్పను, దాన్ని దించుతాను, అంతే. ధ్రువుడు ముందునుంచీ మా మిద్దె మీదివాడు. మా ఆయన ఈ ఇల్లు కట్టక ముందు ఆడ ఎవరి మీద ఉన్నాడో నాకు తెలియదు, కట్టినాక మా మీదే. అగస్త్యుడు ఎవరింటి మీదన్నా ఉండనీ. ఆదివారం సాయంత్రానికి నీ గొట్టం మునుపు వంగినట్టే మా కేసి వంగి ఉండాల. ఒక వెంట్రుక అటూ ఇటూ అయినా ఒప్పుకోను.

దేవుడి దయవల్ల ఇది కుదిరితే పెండ్లి మా ఇంట్లో. పిల్లకూ పిల్లోడికీ ధ్రువుణ్ణి మిద్దె మీదనే చూపించాల. పందిరి వాకిట్లో వేయిస్తాను, మిద్దెకు అడ్డం రానియ్యను. అయ్యవారు వేలు చూపిస్తాడు, నువ్వు గొట్టం చూపించు. ముందు నేను చూస్తాను. నాకు బాకీ ఉంది.

ఆ రెండు ప్లేట్ల సంగతి కూడా ఆలోచించినాను. ఒకదాంట్లో మా పిల్లను తియ్యి, ఒకదాంట్లో ఆ పిల్లోణ్ణి తియ్యి. ఒకదాని మీద ఒకటి పెట్టి, జోడీ ఎట్లా ఉంటాదో ముందుగా నాకు చూపించు. (ఈ ముక్క రాయనని రెండుసార్లు చెప్పాను. — కోకిల)

ఆదివారం కాఫీ మా ఇంటి నుంచి వస్తాది. చిక్కని బర్రెపాల కాఫీ. రాజలక్ష్మి ఇంటి కాఫీ తాగి రావద్దు.

ఇది నేను చెప్పగా రాసినది, విని ఒప్పుకొన్నది. ఇది నా వేలిముద్ర.

గోవిందమ్మ (వేలిముద్ర)

సాక్షులు:
రంగసామి, మరిది. జాడీలు తిన్నగా ఉన్నాయని మళ్ళీ ఒకసారి చూసి వచ్చి సంతకం చేసినాడు.
ఆదికేశవులు, తడిక కట్టినవాడు, విప్పినవాడు.
ధ్రువుడు. ఉన్న చోటు నుంచి కదలడని నువ్వే రాసినావు గనుక సంతకానికి రాలేదు. గొట్టం తెచ్చుకొని నువ్వే వచ్చి అడుగు.