అమ్మ రక్తం ఒక్కటే కాదు

చిన్నా,

నువ్వు పోయిన తేదీనే నందిగామ అత్తయ్య తన కొడుకు నిశ్చితార్థం పెట్టుకుంది. జగ్గయ్యపేట నుంచి అమ్మా నేనూ వెళ్లాం.

నేనిప్పుడు నీ తలసీమియా మీదే పరిశోధన చేస్తున్నాను. ఆ జబ్బున్న ఎలుకల్లో రక్తం పుట్టించే మూలకణాలను బాగుచేసి మళ్లీ ఎక్కిస్తాం. మొన్న ఒక ఎలుకకు పాలిపోయిన పాదాలు గులాబీ రంగుకు తిరిగాయి. నువ్వుంటే ఎగిరి గంతేసేవాడివి.

నిశ్చితార్థంలో అమ్మ తాంబూలం పళ్లెం అందుకోబోతే అత్తయ్య ఆపింది. "నువ్వొద్దులే. నీ రక్తంలో దోషంతోనే కదా మా తమ్ముడి బిడ్డ పోయాడు."

ఇన్నేళ్లూ ఇదే మాట. ఈసారి పెళ్లికూతురి తల్లికి వినపడేలా అన్నాను. "అమ్మా నాన్నా ఇద్దరూ ఇస్తేనే ఆ జబ్బు వస్తుందత్తయ్యా. మీ తమ్ముడి రక్తంలోనూ ఉంది. మీకూ, మీ అబ్బాయికీ ఉండొచ్చు."

పెళ్లికూతురి తల్లి లేచి నిలబడింది. "పిల్లలిద్దరికీ పరీక్ష చేయిద్దామండి. తాంబూలాలు తర్వాత."

అత్తయ్య వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "నీ కూతురికి చెప్పవే, పరువు పోతోంది."

అమ్మ చెయ్యి విడిపించుకుంది. "రక్తపరీక్షే కదా వదినా, చేయించండి."

అత్తయ్య మీద నాకు జాలి కలగలేదు చిన్నా. కడుపు నిండినట్టయింది.

అక్క