రెండో అంతస్తులో ఆఖరి చీటీ

పదకొండో తారీకు, మంగళవారం మధ్యాహ్నం

చిరంజీవి కందిరీగకు నానమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ నా కుట్టుమిషనూ క్షేమం, ఇద్దరికీ కీళ్లు కిర్రుమనడం తప్ప. నువ్వు క్షేమమని, మాల్ ఓనర్ల తరఫున మీ ఆర్కిటెక్టుల ఆఫీసు పంపిన నోటీసు కింద నీ సంతకం చూసి తెలుసుకున్నాను. పదకొండేళ్ల తర్వాత మనవరాలి ఉత్తరం అద్దెదారు గారికి అని మొదలైంది. పోనీలే, గారు పెట్టావు.

నెలాఖరులోగా మాల్ ఖాళీ చెయ్యమన్నావు. ఖాళీ చెయ్యడానికి ఇక్కడ మిగిలింది నేనొక్కదాన్నే. కొత్త నమూనా కూడా చూశాను. ఫ్లాట్లూ, ఆఫీసులూ, మధ్యలో ఆకాశం కనిపించే వసారా. బాగుంది, ఎగతాళి కాదు. నా మిషను ఉన్న చోట కుండీలో మొక్క గీశావు. నాకన్నా తక్కువ మాట్లాడుతుందని ఎంచుకున్నట్టున్నావు.

నువ్వు చూసిన మాల్ కాదిది. ఎస్కలేటరు ఆగిపోయి రెండేళ్లయింది. మెట్లలాగే ఎక్కుతున్నాను గానీ, అవి మనిషి కాలికి కొలత తీసుకుని చేసినవి కావు. చెప్పుల కొట్టువాళ్లు వెళ్తూ వెళ్తూ అద్దాల వెనక ఒంటి చెప్పు వదిలేశారు. ఫౌంటెన్‌లో నీళ్లు లేవు, పైకప్పు కారే చోట పెట్టిన బకెట్లలో మాత్రం ఉన్నాయి. గడియారాల కొట్టాయన కిందటి వర్షాకాలంలో షట్టరు దించాక మధ్యాహ్నం నాతో టీ తాగేవాళ్లు లేరు. రెండు కప్పులు కడగడం అలవాటైన చెయ్యి, ఇప్పటికీ రెండూ కడుగుతోంది.

వాచ్‌మన్ ఒకడున్నాడు. పొద్దున్నే నాకోసమే తలుపు తీస్తాడు. బామ్మగారూ, మీరు కూడా వెళ్లిపోతే నేనెవరికి సలాం కొట్టాలి అన్నాడు మొన్న. స్తంభానికి కొట్టు, అదీ నాలాగే కదలదు, పైగా తిట్టదు అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు మూడంతస్తులూ తిరిగి మా దగ్గరికే వచ్చింది. జనం ఉన్న రోజుల్లో ఇలా తిరిగొచ్చేది కాదు.

మీ మేనేజరు రెండుసార్లొచ్చి, ఎందుకు కదలరండీ అని అడిగాడు. నా పద్ధతి చెప్పాను. బాగుచెయ్యడానికి తీసుకున్న బట్టకి పేరు రాసిన చీటీ గుచ్చుతాను. చీటీ ఉన్నంతకాలం అది ఇంకొకరి సొత్తు, వాళ్ల చేతికిచ్చేదాకా కొట్టు మూయను. నోటీసు వచ్చిన రోజుకి ఎవరూ తీసుకెళ్లనివి నలభై మూడు వేలాడుతున్నాయి. అందరికీ ఫోన్లు చేశాను. ఒకాయన పెళ్లి సూటు తీసుకుంటూ, ఇప్పుడిది పట్టదు కదండీ అని బాధపడ్డాడు. అది సూటు తప్పు కాదండీ అన్నాను. ఒకావిడ, పోయిన భర్త ప్యాంటు మడిచి సంచిలో పెట్టుకుని చాలాసేపు ఇక్కడే కూర్చుంది. ఆవేళ రెండో కప్పు పనికొచ్చింది.

ఇప్పుడిక ఒక్కటే వేలాడుతోంది. ఆ మనిషి వచ్చిన రోజే తాళాలిస్తానన్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అన్నాడు మేనేజరు. నంబరు లేదన్నాను. నా వంక, నేనే కుండీలో మొక్కనై వేళ్లు దిగబడ్డట్టు చూసి వెళ్లిపోయాడు.

మీ అమ్మని అడిగానని చెప్పు. చెప్పకపోయినా సరే, చెప్తే ఎలాగూ నమ్మదు.

ఇట్లు,
మీ ఆఫీసువారి మొండి అద్దెదారు,
నానమ్మ

తా.క. నంబరు లేదన్నది అబద్ధం. నోటీసు మీదే అచ్చేసి ఉంది. మిగిలింది నీ స్కూలు స్కర్టు. నీ పద్నాలుగో ఏట, మీ అమ్మా నాన్నా విడిపోయిన వారం, పొడుగు చెయ్యమని తెచ్చావు. మీ అమ్మకి సూది పట్టడమూ రాదు, సంసారం నిలుపుకోవడమూ రాదు అన్నాను. నువ్వు స్కర్టు కౌంటరు మీదే వదిలేసి వెళ్లిపోయావు. అది నేను అనకూడని మాట. ఆ సాయంత్రమే అంచు విప్పి మూడంగుళాలు పొడిగించాను, అంతకుమించి ఏం చెయ్యాలో తోచలేదు. ఖాళీ చేస్తానని రాసిన కాగితం మీద, నోటీసు అందిన మర్నాడే సంతకం పెట్టాను. అది ఆ స్కర్టు జేబులో ఉంది. మేనేజరొస్తే ఇవ్వను. నువ్వే రా. రసీదు పోయినా ఫరవాలేదు, గుర్తుపడతాను.